బిగించి కట్టిన ఊయలే ముందు తెగుతుంది

ప్రశ్న: అక్కా, వచ్చే జూలైలో నేనూ మా స్నేహితుడూ బైకుల మీద బెంగళూరు, మైసూరు మీదుగా వయనాడు, అక్కడి నుంచి కర్ణాటక పడమటి కనుమల్లోని ఆగుంబె దాకా పోవాలనుకుంటున్నాం. రోజూ లాడ్జీలో దిగేంత డబ్బు మా దగ్గర లేదు. చెట్లకు కట్టుకునే హ్యామక్ కొందామంటే పైకప్పు, దోమతెరతో కలిపి చాలా రేటు చెబుతున్నారు. ఇంట్లో కుట్టు మిషన్ ఉంది. అమ్మ పాత చీరతో కుట్టుకుంటే నా బరువు ఆగుతుందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: కుట్టుకో తమ్ముడూ, తప్పకుండా కుట్టుకో. చీరతో మాత్రం వద్దు. పదికిలోల పసిబిడ్డను మోసే ఉయ్యాల వేరు, రాత్రంతా అటూ ఇటూ దొర్లే 70 కిలోల మనిషి వేరు. ఉతికి ఉతికి పోగు నలిగిన నూలు గుడ్డ అంచు దగ్గర మొదలై నిలువునా చీలిపోతుంది. పైగా నూలు నానితే బరువెక్కుతుంది, వానాకాలంలో రెండు రోజులైనా ఆరదు.

మీ ఊళ్లో గుడ్డల షాపులకు కొదవ లేదు. బ్యాగులు, రెయిన్‌కోట్లు కుట్టేవాళ్లకు గుడ్డ అమ్మే చోట చిన్న చిన్న గళ్ల నేతతో వచ్చే రిప్‌స్టాప్ నైలాన్ గానీ పాలిస్టర్ గానీ అడుగు. ఊయలకు కోటింగ్ లేనిదే తీసుకో, ఉన్నదైతే వీపు చెమటతో తడిసిపోతుంది. మీటరున్నర పన్నా ఉన్న గుడ్డ మూడు మీటర్ల అరవై తెచ్చుకుంటే, రెండు వైపులా మడతలు పోను 3.3 మీటర్లకు తగ్గకుండా మిగలాలి. పొడవు తగ్గించి డబ్బు మిగుల్చుకోవాలని చూడకు. ఊయలలో నిటారుగా పడుకుంటే వెన్ను విల్లులా వంగుతుంది. తల ఒక మూలకు, కాళ్లు ఎదుటి మూలకు పెట్టి ఐమూలగా పడుకుంటేనే నడుము చదునుగా ఉంటుంది, దానికి గుడ్డ పొడవుగా ఉండాలి.

కుట్టు పని తక్కువే. నిలువు అంచులు సన్నగా మడిచి కుట్టు. అడ్డంగా రెండు కొసలా, లంగాకు బొందు దూర్చే మడతలాగా రెండంగుళాల మడత వేసి మూడు వరసలు కుట్టు. దారం పాలిస్టర్‌దే వాడు, నూలుది నానితే కుళ్లుతుంది. కుట్లు మరీ దగ్గరగా పడితే సూది రంధ్రాల వెంటే గుడ్డ చిరుగుతుంది, మూడు మిల్లీమీటర్ల కుట్టు సరిపోతుంది. ఆ మడతలోంచి ఆరు మిల్లీమీటర్ల పాలిస్టర్ అల్లిక తాడు దూర్చి, కొసను మొత్తం ఒక కుచ్చుగా లాగి కట్టెయ్.

ఇక అసలు సంగతి. ఊయల చూడగానే అందరికీ బిగించి కట్టాలనిపిస్తుంది. మా నాన్న కడపలో లారీ పట్టలు కుట్టేవారు. తాడు ఎంత అడ్డంగా లాగితే అంత ఎక్కువ బరువు మోస్తుందని నాకు ఆయన చిన్నప్పుడే చూపించారు. లెక్క ఇలా ఉంటుంది. తాడు అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే 70 కిలోల మనిషికి ఒక్కో వైపు 70 కిలోల లాగుడు పడుతుంది. అదే మనిషి, అదే తాడు, 10 డిగ్రీలకు బిగించి కట్టావనుకో, ఒక్కో వైపు 200 కిలోలు దాటుతుంది. దానికి తోడు ముడి పడ్డ చోట తాడు బలం సగం దాకా తగ్గిపోతుంది. తెగేది అక్కడే.

ప్రతి రాత్రీ కోణం కొలుచుకోవాలనే టెన్షన్ లేకుండా ఒక ఉపాయం ఉంది. ఊయల ఈ కొస నుంచి ఆ కొసకు పైన ఒక సన్నని తాడు శాశ్వతంగా కట్టెయ్. దాని పొడవు గుడ్డ పొడవులో 83 శాతం, అంటే నీ 3.3 మీటర్ల గుడ్డకు దాదాపు రెండు మీటర్ల 75 సెంటీమీటర్లు. ఏ చెట్ల మధ్య కట్టినా ఊయల లోతు ఒకేలా ఉంటుంది. పడుకున్నాక ఆ తాడు రెండు వేళ్లతో నొక్కితే కొంచెం వంగాలి. వీణ తీగలా మోగితే దిగి, చెట్టు దగ్గర వదులు చెయ్. నాలుగు నాలుగున్నర మీటర్ల దూరంలో ఉన్న చెట్లకు తల ఎత్తున కడితే, కూర్చున్నప్పుడు కుర్చీ ఎత్తుకు వస్తుంది.

చెట్టుకు నేరుగా తాడు చుట్టొద్దు, బెరడు కోసుకుపోతుంది. అంగుళం, వీలైతే రెండంగుళాల వెడల్పున్న పాలిస్టర్ బెల్టు చుట్టు. లారీల్లో లోడు బిగించే బెల్టు అలాంటిదే. మంచాలకు అల్లే నవారు నీళ్లు పీలుస్తుంది. బ్యాగులకు వేసే మెత్తటి ప్లాస్టిక్ పట్టీ ఎండకు పెళుసెక్కుతుంది. రెండూ వద్దు.

మిషన్ మీద నుంచి దించగానే ఎక్కి పడుకోవద్దు నాయనా. నేలకు జానెడు ఎత్తున కట్టి, 25 కిలోల బియ్యం బస్తాలు మూడు వేసి ఒక రాత్రంతా వదిలెయ్. పొద్దున కుట్లు, ముడులు వేలితో తడిమి చూడు.

ప్రశ్న: పైకప్పుకు మా షెడ్డులో ఉన్న నీలం టార్పాలిన్ సరిపోదా అమ్మా?
– ఒక రైతు, అనంతపురం

జవాబు: మన దగ్గరైతే సరిపోతుందన్నా. మీ అనంతపురంలో ఏడాదంతా కలిపి కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర. ఆగుంబెలో అది 7,000 దాటుతుంది. అక్కడ వాన పైనుంచే కాదు, పక్కనుంచీ కొడుతుంది. నీలం పట్ట బరువు, బైకు మీద చోటు తినేస్తుంది, మడత పడ్డ చోటల్లా పగులుతుంది.

మూడున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉండాలి. కోటింగ్ ఉన్న తేలిక గుడ్డ రెండు పన్నాలు జోడిస్తే ఆ వెడల్పు వస్తుంది, జోడింపు కుట్టు సరిగ్గా నడినెత్తిన పడుతుంది. కాబట్టి ఆ ఒక్క కుట్టు మీద మనసు పెట్టండి. జీన్స్ ప్యాంటు కాళ్ల పక్క కుట్టు చూడండి, రెండు అంచులూ ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరసలు వేస్తారు. లారీ పట్టలకు మా నాన్న వేసిందీ ఆ కుట్టే. తర్వాత సూది రంధ్రాలు మూసుకునేలా సీలెంట్ పుయ్యాలి. సిలికాన్ కోటింగ్ గుడ్డకు సిలికాన్, పీయూ (పాలీయురెథేన్) కోటింగ్ గుడ్డకు పీయూ సీలెంట్. తారుమారైతే అంటుకోదు, ఊడిపోతుంది. కొనేటప్పుడే ఏ కోటింగో అడిగి రాసుకోండి.

లారీ పట్టకు ఇత్తడి ఐలెట్లు వేస్తారు కదా అని దీనికి వెయ్యొద్దు. పల్చటి గుడ్డలో అవి గాలికి పీక్కొచ్చేస్తాయి. మూలల్లో గుడ్డను నాలుగు పొరలు చేసి బెల్టు ముక్కతో ఉచ్చు కుట్టండి. గుడ్డ నైలానైతే తడిశాక సాగి జారుతుంది, వాన మొదలైన అరగంటకు మళ్లీ లాగి కట్టుకోవాలి. పాలిస్టరైతే ఈ పని చాలా తక్కువ, కప్పుకు నేను పాలిస్టరే ఎంచుకుంటాను.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు ఇచ్చిన అడవి ఊయలలో కప్పు, తెర, ఊయల కలిపే కుట్టేవారు. బైకు మీద పోయేవాళ్లకు విడివిడిగా ఉండటమే మేలని నా గట్టి నమ్మకం. వానలో ఆగితే ముందు కప్పు కట్టి, దాని కింద పొడిగా నిలబడి మిగతావి తీసుకోవచ్చు. పొద్దున తడి కప్పును చివర్లో దింపి వేరే సంచిలో కట్టుకోవచ్చు. ఆ సంచి సైలెన్సర్‌కు తగలకుండా చూడండి, నైలాన్ ఇట్టే కరిగిపోతుంది.

కప్పు ఉన్నా బెల్టు వెంట నీళ్లు పాకి పక్కలోకి వస్తాయి. బెల్టు మీద, కప్పు అంచుకు లోపల, ఒక నూలు దారం ముక్క కట్టి వేలాడదీయండి. నీళ్లు దాని వెంట కిందికి దిగిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి కూడా ఇలాగే పోతానంటున్నాడు. దోమలు, జలగలు తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు.
– ఒక తల్లి, ఆదోని

జవాబు: మీ భయం నాకు అర్థమైందక్కా. జలగలు నేల మీద పాకేవి కాబట్టి ఊయలలో వాటి బెడద తక్కువ. బూట్లు మాత్రం రాత్రి ఊయల తాడుకు తగిలించి, పొద్దున దులిపి వేసుకోమనండి. దోమతెర గుడ్డ చదరపు అంగుళానికి 156 రంధ్రాల రకం ఉంటే చాలు. గొట్టంలా కుట్టి ఊయల మొత్తం అందులో దూరేలా చెయ్యండి, ఎందుకంటే పల్చటి గుడ్డలోంచి దోమ వీపు కిందనుంచీ కుడుతుంది. ఊయలను రెండు పొరలుగా కుట్టి మధ్యలో ఫోమ్ షీటు దూర్చితే ఇంకా నిశ్చింత. డెంగీ దోమ పగలు కుడుతుంది, మధ్యాహ్నం కునుకుకూ తెర వేసుకోవాలి.

ఇంకో మాట. ఆగుంబె వైపు వానాకాలంలో కాకుండా డిసెంబరు నుంచి మే లోపు పోతే అడవి పిడుదుల విషయంలో జాగ్రత్త. వాటి వల్ల వచ్చే క్యాసనూరు అడవి జ్వరాన్ని 1957లో ఆగుంబె ఉన్న శివమొగ్గ జిల్లాలోనే మొదట గుర్తించారు.

ప్రశ్న: ఒక్క చెట్టే దొరికితే రెండో కొస బైకుకు కట్టొచ్చా? కొండల్లో చలి ఉంటుందా?
– ఒక మెకానిక్, కడప

జవాబు: బైకుకు వద్దు. 30 డిగ్రీల వాలులో కూడా దాన్ని 60 కిలోల బలం పక్కకు లాగుతుంది, స్టాండు మీద ఉన్న బండి నీ మీదే పడుతుంది. ఒక్క చెట్టే ఉంటే కప్పు ఒక వైపు బండికి, ఒక వైపు చెట్టుకు కట్టి, చాప వేసుకుని నేల మీద పడుకో. కొబ్బరి చెట్లు రెండు ఎంత చక్కగా ఎడంగా కనిపించినా వాటికి కట్టొద్దు, కాయ పడినా మట్ట పడినా ప్రాణం మీదికొస్తుంది. ఎండిన కొమ్మలున్న చెట్టూ అంతే.

చలి మాత్రం కిందనుంచి వస్తుంది. 20 డిగ్రీల దగ్గరే వీపు జిల్లుమంటుంది. కింద పరుచుకున్న దుప్పటి మన బరువుకు అణిగిపోయి పనికిరాదు. పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే నాలుగు మూలలకూ తాళ్లు కుట్టి, ఊయల అడుగున తాకీ తాకకుండా వేలాడదీయి. అమ్మ చీరలకు ఇది సరైన చోటు, వాన తగలకుండా కప్పు కిందే ఉంటుంది కాబట్టి.

రిజర్వు అడవిలో, పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎక్కడా కట్టొద్దు, మన నల్లమలలోనూ అంతే. తోట యజమానిని అడిగితే చాలామంది కాదనరు. మైసూరు నుంచి వయనాడు పోయేవాళ్లు దారిలో వచ్చే బందీపూర్ పులుల అడవి టైము చూసుకోండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి రోడ్డులో బైకులు వదలరు, ఆలస్యమైతే అడవికి ముందొచ్చే గుండ్లుపేటలోనే ఆగిపోండి.