వరద తర్వాత నాన్నను మా దగ్గరికి తెచ్చుకుంటే మామూలవుతారా?

ప్రశ్న: ఇంట్లోకి వరద నీళ్ళు వచ్చి పోయాక నాన్న ముభావంగా ఉంటున్నారు, నిద్రపోవడం లేదు. కొన్నాళ్ళు మా ఫ్లాట్‌లో ఉంచుకుంటే కోలుకుంటారా?

ఉంచుకోండి, కాదనను. కానీ ఆయన ఇటు రాగానే అక్కడ ఇల్లు ఎవరు కడుగుతున్నారు, ఏం పారేస్తున్నారు? నన్నడిగితే పెద్దవాళ్ళు వరదకి కుంగిపోరు, ఆ తర్వాత మనం చేసే క్లీనింగుకి కుంగిపోతారు.

మాది హైదరాబాద్‌లో సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీ. 2020 అక్టోబర్ 13 నాటి వాన గుర్తుండే ఉంటుంది, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. మా మామయ్య రిటైర్డ్ లెక్కల మాస్టారు, కింది పోర్షన్‌లో ఉండేవారు. మర్నాడు మా మరిది ఆయన్ని కూకట్‌పల్లి తీసుకెళ్ళాడు, రెస్ట్ తీసుకుంటారని. ఈలోగా కూలీలను పెట్టి తడిసిన సామానంతా చెత్త లారీ ఎక్కించాడు. మామయ్య ఏళ్ళ తరబడి రాసుకున్న ఇంటి లెక్కల పుస్తకాలు ట్రంకు పెట్టెతో సహా పోయాయి.

ఆయన తిరిగొచ్చేసరికి ఇల్లంతా బ్లీచింగ్ పౌడర్ వాసన. "నా బుక్కులేవి?" అన్నారు. "నానిపోయినయి నాన్నా, కొత్తవి కొందాంలే" అన్నాడు మరిది. రాసిన లెక్కలు కొత్తవి ఏ షాపులో కొంటాడో! ఆ రోజు నుంచి మనిషి నోరు విప్పలేదు. మబ్బు పడితే బియ్యం డబ్బా బల్ల మీదికి ఎక్కించేవారు, గేటు ముందు మ్యాన్‌హోల్ మూత చూసొచ్చేవారు. అర్ధరాత్రి లైటు వేసి ఖాళీ అల్మారా తడిమేవారు. చుట్టాలు మతిమరుపు మొదలైందని తేల్చేశారు. మనవాళ్ళకి డెబ్బై దాటిన మనిషి ఏం చేసినా మతిమరుపే కదా.

వాషింగ్ మెషిన్ వెనక ఒక్క పుస్తకం ఇరుక్కుని మిగిలింది. ఉబ్బిపోయిన పేజీలు మెల్లగా విడదీసి, మేడ మీద దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేస్తుంటే ఆయనే కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. సిరా కారిపోయిన చోట అంకెలు నోటితో చెబుతూ చెబుతూ వరద రాత్రిలోకి వెళ్ళిపోయారు. కరెంటు ఎప్పుడు పోయింది, నీళ్ళు ఏ మెట్టు దాకా ఏ టైముకి వచ్చాయి, గ్యాస్ సిలిండర్ తేలుతూ వచ్చి తలుపుకి ఎలా కొట్టుకుంది, అన్నీ వరసగా. ఇదా మతిమరుపు?

చెవి మెషిన్ కూడా ఆ నీళ్ళలోనే పోయిందని అప్పుడే బయటపడింది. ఖర్చని అడగలేదట. ప్రభుత్వం ప్రకటించిన పదివేల సాయం కోసం లైన్లో నిలబడి, పేరు పిలిస్తే వినపడక ఉత్త చేతులతో వచ్చిందీ అందుకే. వినపడని మనిషి భోజనాల దగ్గర ఏం మాట్లాడతారు? కళ్ళజోడు, పళ్ళ సెట్టు, బీపీ మాత్రలు ఉన్నాయో లేవో చూడకుండానే డిప్రెషన్ అనేస్తాం.

దగ్గర్లోని డాక్టరు రెండు మాటలు విని నిద్రమాత్ర రాసిచ్చాడు. ఆ మత్తులో రాత్రి బాత్రూమ్‌కి లేచి పడితే తుంటి ఎముక సంగతేంటి? సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్దామంటే మామయ్య, "నన్ను ఎర్రగడ్డకు పంపుతరా?" అన్నారు. మానసిక ఆసుపత్రి ఉన్న పేటను ఊరంతా కలిసి తిట్టుగా మార్చేశాం, ఇక ముసలాయన్ని అనేం లాభం? పాత స్కూలు దోస్తు తోడొస్తానంటేనే కదిలారు. ఆ డాక్టరు మాత్రం చాలాసేపు కూర్చోబెట్టి విన్నాడు. కొత్త చెవి మెషిన్, ఆ వినడం, రెండూ కలిసి పనిచేశాయి.

మీ నాన్నగారు ఉన్నట్టుండి మనుషుల్ని, పగలూ రాత్రీ తేడాని గుర్తుపట్టకపోతే దిగులనుకుని ఊరుకోకండి. ఇన్ఫెక్షన్ అయినా, సోడియం తగ్గినా అలా అవుతుంది, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. "ఇంకా ఎందుకు బతికున్నా" అన్న మాట వినపడితే 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులడగరు. మాకు అప్పట్లో అది లేదు, 2022లో వచ్చింది.