పాఠకుల ప్రశ్నలు: పాత కారు, పెట్రోలు పంపు, రిటర్న్ లైను

ప్రశ్న: మాది 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. ఎండాకాలంలో అరకు వెళ్తుంటే శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగిపోయింది. అరగంట చల్లారాక మళ్లీ స్టార్టయింది. ఏసీ పంపు (ఇంజినే నడిపే పెట్రోలు పంపు) పీకేసి కరెంటు పంపు పెట్టమని ఒక మెకానిక్, రిటర్న్ లైను (మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే పైపు) వేయించమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది చేయించాలి?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: పంపు కొనే ముందు ట్యాంకు మూత చూడండి. మూతలోని గాలి రంధ్రం పూడిపోతే పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడుతుంది. అప్పుడు ఏ పంపు పెట్టినా పెట్రోలు రాదు. ఈసారి బండి ఆగితే ఆగినచోటే మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి వెంటనే అందుకుంటే జబ్బు అక్కడే ఉంది, వైద్యం పది నిమిషాల పని. తర్వాత ఫిల్టరు. సముద్రపు గాలికి మన విశాఖలోని పాత ట్యాంకుల్లో తుప్పు సర్వసాధారణం. ఆ పొడి ఫిల్టరును సగం మూసినా ఊళ్లో తెలియదు, ఘాట్‌లోనే బయటపడుతుంది.

ఈ రెండూ బాగుంటే పంపు మీద తడిగుడ్డ కప్పి కాసిని నీళ్లు పోయండి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మీద మాత్రం చుక్క పడకూడదు. ఐదు నిమిషాల్లో స్టార్టయితే అది వేపర్ లాకే, అంటే పెట్రోలు వేడికి ఆవిరై దారి మూసేయడం. ఏసీ పంపు ఇంజిన్ బ్లాకుకే బిగించి ఉంటుంది కాబట్టి బ్లాకు వేడంతా దానికి ఎక్కుతుంది. పైగా అది ఎక్కడో వెనకున్న ట్యాంకు నుంచి పెట్రోలు పీల్చాలి. పీల్చే పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ వేడికే మరుగుతుంది. పంపులో పెట్రోలును లాగి తోసే రబ్బరు పొర, అంటే డయాఫ్రం, పైన ఆవిరి చేరితే ఆ ఆవిరి నలుగుతుంది తప్ప ముందుకు కదలదు. రెండో గేరులో నెమ్మదిగా ఎక్కే బండికి గాలి తగలదు, ఇంజిన్ మాత్రం పూర్తి బరువు లాగుతుంది. పెట్రోలులో ఎథనాల్ కలిశాక ఆవిరయ్యే గుణం ఇంకొంచెం పెరిగింది కూడా.

అందుకని మీకు ముందు కావలసింది రిటర్న్ లైను. పంపు బాగుంటే దాన్ని ఉంచేయండి. పంపుకీ కార్బొరేటర్‌కీ మధ్య మూడు నాజిళ్లున్న ఫిల్టరు పెట్టి, మూడోదాని నుంచి 6 మి.మీ. పైపును ట్యాంకు దాకా వేయించాలి. ఆ మూడో నాజిల్ పైవైపుకే ఉండాలి. ఆవిరి పైకి చేరుతుంది కాబట్టి అక్కడి నుంచే బయటికి పోవాలి. పక్కకో కిందికో తిప్పి బిగిస్తే పెట్రోలు వెనక్కి పోతుంది, ఆవిరి కార్బొరేటర్‌లోకి వెళ్తుంది.

చాలా షెడ్డుల్లో మరిచేది రిటర్న్‌లో ఉండాల్సిన సన్న రంధ్రం. మామూలు టీ (మూడు దారుల జాయింటు) పెట్టి వదిలేస్తే పెట్రోలంతా సులువైన దారిలో ట్యాంకుకే తిరిగిపోతుంది. లెక్క చూడండి. మీ ఇంజిన్ పూర్తి రేసులో గంటకు సుమారు 15 లీటర్లు తాగుతుంది. 3 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడిలో 1.2 మి.మీ. రంధ్రం గుండా గంటకు దాదాపు 20 లీటర్లు వెనక్కి వెళ్తాయి. మొత్తం 35, మంచి కండిషన్‌లో ఉన్న పంపు ఇవ్వగలదు. అదే 3 మి.మీ. రంధ్రమైతే వెనక్కి పోయేదే వంద లీటర్లు దాటుతుంది, కార్బొరేటర్ ఎండిపోతుంది. పాత కార్బొరేటర్‌లోని 120 నంబరు ఇత్తడి జెట్టు అంటే 1.2 మి.మీ. రంధ్రమే. అది పైపులో గట్టిగా పట్టేలా దింపి, రెండువైపులా క్లిప్పులు వేయిస్తే సరిపోతుంది.

రిటర్న్ పైపు ట్యాంకు పైభాగంలోకి విడిగా వెళ్లాలి. పని తగ్గుతుందని పంపుకు వచ్చే పైపులోనే కలిపేస్తారు కొందరు. అలా చేస్తే కాగిన పెట్రోలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది, రిటర్న్ వేసి ప్రయోజనం ఉండదు. ట్యాంకుకు వెల్డింగ్ అవసరమైతే ట్యాంకు దింపి, పెట్రోలు ఆవిరి పూర్తిగా పోయేలా కడిగించాకే నిప్పు దగ్గరికి తీసుకెళ్లాలి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

ఇంత చేశాక కూడా ఆగితే కరెంటు పంపుకు వెళ్లండి. అది ఇంజిన్ దగ్గర కాదు, వెనక ట్యాంకు పక్కన, వీలైనంత కిందుగా ఉండాలి. కరెంటు పంపు తోయడంలో దిట్ట, పీల్చడంలో కాదు. 2.5 నుంచి 3.5 పీఎస్‌ఐ రకం అడగండి. కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పట్టి చూస్తే అర నిమిషానికి అర లీటరు రావాలి (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చుట్టుపక్కల నిప్పు లేకుండా). ఏసీ పంపు తీసిన చోట ప్లేటు, ప్యాకింగ్ వేసి మూసేయాలి, లేకపోతే ఇంజిన్ ఆయిల్ చిమ్ముతుంది. వైరు మాత్రం నేరుగా ఇగ్నిషన్‌కు కలపనివ్వకండి. గుద్దుకుని ఇంజిన్ ఆగినా, కీ ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు తెగిన పైపులోంచి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. రిలే పెట్టి, ఆయిల్ ప్రెషర్ లేకపోతే పంపు ఆగేలా స్విచ్ కలిపించండి. ఫ్యూజు తప్పనిసరి.

ప్రశ్న: కార్బొరేటర్ ఉన్న పాత మారుతి 800. పంపుకున్న మూడు పైపుల్లో ఒకటి కారుతోందని దాన్ని బోల్టుతో మూసేశారు. అప్పటి నుంచి మధ్యాహ్నం ఎండలో పది నిమిషాలు ఆపితే స్టార్ట్ కాదు, పెట్రోలు వాసన.
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మూసింది రిటర్న్‌నే. బండి ఆపాక బానెట్ కింద వేడి పెరుగుతుంది, పైపులో చిక్కిన పెట్రోలు వ్యాకోచిస్తుంది. వెనక్కి దారి లేక కార్బొరేటర్‌లో పెట్రోలును ఆపే నీడిల్ వాల్వును నెట్టుకుని, పెట్రోలు నిలవుండే ఫ్లోట్ చాంబర్ నిండి పొంగుతుంది. బోల్టు తీసి కొత్త హోస్ వేయించండి. అంతకుముందు ట్యాంకు మూత తెరిచి, రిటర్న్ పైపులోకి మెల్లగా గాలి ఊదిస్తే ట్యాంకు వైపు గాలి పోతున్న చప్పుడు వినపడాలి. వినపడకపోతే బండి కిందున్న ఇనుప పైపు తుప్పుతో మూసుకుందన్నమాట, అదీ మార్చాలి. ఈలోగా వేడి మీద స్టార్ట్ చేయాల్సి వస్తే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. పదేపదే తొక్కి వదిలితే ఇంకా పెట్రోలు పడుతుంది.

హోస్ కొనేటప్పుడు దాని మీద ఎస్ఏఈ జె30 ఆర్9 (పెట్రోలు హోసుల నాణ్యతా ప్రమాణం) అని అచ్చు ఉందో లేదో చూసుకోండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు చవకే గాని, వేడికి గట్టిపడి క్లిప్పు దగ్గర జారుతుంది.

ప్రశ్న: ప్రీమియర్ పద్మినిలో ఆయిల్ పోయకుండానే గేజీ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద మట్టం పెరుగుతోంది. మంచిదేనా?
– ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: కాదు, బండి నడపకండి. గేజీ వాసన చూడండి, పెట్రోలు వాసన వస్తే ఏసీ పంపు డయాఫ్రం చిరిగి ఇంజిన్ కింద ఆయిల్ ఉండే సంపులోకి కారుతోంది. పలచబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. పంపుతోపాటు ఆయిల్, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాలి. ఏళ్లుగా షాపులో పడి ఉన్న పాత రిపేరు కిట్ వద్దు, ఆ రబ్బరు ఎథనాల్‌కు తట్టుకోదు. బిగించేటప్పుడు పంపు కింద ప్యాకింగ్ మందం పాతదానితో సమానంగా ఉండాలి. పలచనైతే లివర్ ఎక్కువ కదిలి ఒత్తిడి పెరుగుతుంది, మందమైతే పెట్రోలు చాలదు.

ప్రశ్న: ఇంజెక్షన్ కారు పంపు చవగ్గా దొరికింది. జీపు కార్బొరేటర్‌కు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు. అది ఇచ్చేది 40 పీఎస్‌ఐకి పైనే, కార్బొరేటర్‌కు కావలసింది 3. రిటర్న్ ఉన్న, ఒత్తిడి తగ్గించే బైపాస్ రెగ్యులేటర్ పెడితే ఎలాగో నడుస్తుంది గాని, ఆ రెగ్యులేటర్, పైపులు, క్లిప్పుల ఖర్చు కలిపితే సరైన పంపే వస్తుంది.