ఫోన్ ఎత్తని కొడుకు గురించి

మీ అబ్బాయి ఉద్యోగానికి వేరే ఊరెళ్లాక రోజుకు 3 సార్లు ఫోన్ చేస్తున్నా ఎత్తడం లేదని, ఎత్తినా "ఊఁ, సరే" తప్ప మాట లేదని రాశారండీ. ముందు ఆ కాల్స్ ఆపండి. "తిన్నావా? పడుకున్నావా? జీతం పడిందా?" ఇవి మీకు ప్రేమే, కానీ అవతల హాజరు పిలిచినట్టు వినిపిస్తాయి. ఒక్క ముక్కలో చెప్పేయగల ప్రశ్నకు ఒక్క ముక్కే వస్తుంది. "వారంలో నీకు ఏ రోజు, ఏ టైమ్ వీలు?" అని మెసేజ్ పెట్టి, అతను చెప్పిన టైముకే చేయండి. 15 నిమిషాలు చాలు. కష్టం చెప్పుకుంటే వెంటనే సలహా ఇవ్వకండి, ఎక్కువగా మాట తెగేది అక్కడే. "ఊరికే వినాలా, ఏమైనా చెప్పమంటావా?" అని అడగండి. మధ్యలో పూసిన మొక్కదో, అతని పాత పుస్తకాలదో ఓ ఫొటో పంపండి. జవాబు రాకపోతే గుర్తుచేయొద్దు. మొదటి 2, 3 వారాలు మాటలు పొడిపొడిగానే ఉంటాయి, కంగారుపడి మళ్లీ రోజూ మొదలుపెట్టకండి.