డయాలసిస్ ఫ్రీ అయినా ఉద్దానంలో కొందరు మధ్యలో ఎందుకు మానేస్తారు?

"ఆరోగ్యశ్రీ కార్డుంటే డయాలసిస్‌కి పైసా కట్టక్కర్లేదు కదా, అయినా మానేస్తున్నారంటే అవగాహన లేకపోవడమేనా?" అని ఒకరు అడిగారు. మాది ఆ ఉద్దానం ప్రాంతమే, శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. మా ఇంట్లోనే ఇద్దరికి కిడ్నీలు పాడయ్యే ఈ జబ్బు వచ్చింది, చిన్నాన్నకి, తర్వాత మా వదినకి. చిన్నాన్న మానేశాడు. వదిన మానలేదు. వదినకి తెలివి ఎక్కువని కాదు. చిన్నాన్నకి డయాలసిస్ మిషన్, అంటే కిడ్నీల బదులు రక్తాన్ని శుభ్రం చేసే మిషన్, విశాఖపట్నంలో దొరికింది, వదినకి పలాసలో దొరికింది.

చిన్నాన్న సంగతి 2014లో. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే పని ఆయనది. కాళ్ళు పొంగితే ఎండలో తిరగడం వల్లేమో అనుకున్నాం. ఒళ్ళునొప్పులకి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళలతో రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. పరీక్ష చేయించేసరికి క్రియాటినిన్, అంటే కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగిపోయే వ్యర్థం, 9 దాటింది. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది, కిడ్నీలు చాలామటుకు పాడయ్యేదాకా మనిషికి ఏమీ తెలియదు. నీళ్ళా, పురుగుమందులా, ఎండలో చేసే పనా, నొప్పి బిళ్ళలా అని ఎన్నో అనుమానాలున్నాయి, కచ్చితమైన కారణం మాత్రం తేలలేదు.

డయాలసిస్ వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. పలాస నుంచి విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఆటోలో పలాస స్టేషన్, అక్కణ్ణుంచి పాసింజర్, విశాఖలో దిగి మళ్ళీ ఆటో. మిషన్ మీద పడుకోబెట్టేసరికి మధ్యాహ్నం, తిరిగి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. బండి అందకపోతే ప్లాట్‌ఫామ్ మీదే తువ్వాలు పరుచుకునేవారు. వారానికి 800 కిలోమీటర్లు, అంటే ఏడాదికి 41 వేల పైమాటే. భూమి చుట్టుకొలతే 40 వేలంటారు.

డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయేది, ఒంటరిగా పంపలేం. తోడు పిన్ని. ఆవిడ పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళేది, కిలోల లెక్కన కూలి. వెళ్ళని రోజుకి కూలి లేదు. ప్రయాణానికి రెండు రోజులు, మర్నాడు ఒళ్ళు లేవక ఇంకో రెండు రోజులు, వారంలో నాలుగు రోజులు ఇద్దరి సంపాదనా పోయేది.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, లెక్కలు రాసే పని నాకు అప్పజెప్పారు. ఆ నోటు పుస్తకం ఇంకా నా దగ్గరుంది. ఆసుపత్రి అన్న గడిలో ప్రతి పేజీలోనూ సున్నా. మిగతా గడులు ఆటో, టికెట్లు, ఇడ్లీ, టీ, పోయిన కూలి. చివరి పేజీల్లో వడ్డీ, నూటికి మూడు రూపాయలు. ఎనిమిదో నెల వచ్చేసరికి వారానికి రెండుసార్లు కాస్తా ఒకటయింది. మానేయమని ఎవరూ అనలేదు. "ఈ గురువారం ఒంట్లో బానే ఉందిరా, సోమవారం ఎలాగూ ఎల్తాం కదా" అనేవాడు. నేను నమ్మాను. నమ్మితే నాకూ హాయిగానే ఉండేది, ఆ రోజు పుస్తకంలో రాయడానికేమీ ఉండదు కదా. ఒక ఆదివారం రాత్రి ఊపిరందక లేచి కూర్చున్నాడు. 108 వచ్చింది గానీ శ్రీకాకుళం చేరేలోపే పోయాడు.

"విశాఖలోనే ఒక గది తీసుకుని ఉండాల్సింది" అని చాలామంది అంటారు. అద్దె ఎవరు కడతారు? అక్కడ పిన్నికి పనెవరిస్తారు? మా ఊళ్ళోనే ఇంకొకాయనకి అదే ఏడాది అదే జబ్బు వచ్చింది. కొడుక్కి విశాఖలో ఉద్యోగం, సొంత ఫ్లాటు. ఆయన వెళ్ళి కొడుకు దగ్గరుండి ఇంకో ఆరేళ్ళు బతికాడు. అదే ఊరు, అవే నీళ్ళు, అదే కార్డు.

వదినకి 2019లో బయటపడింది. అప్పటికి పలాసలో ప్రభుత్వ డయాలసిస్ కేంద్రం ఉంది. ఆటోలో నలభై నిమిషాలు. పొద్దున్న వెళ్ళి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉంటుంది. అన్నయ్య పని మానుకోనక్కర్లేదు. నెలకి 10 వేల పెన్షన్ కూడా వచ్చింది, అది మందులకీ ఆటోకీ సరిపోతుంది. 2021లో ఒకసారి ఆవిడ చేతికున్న ఫిస్టులాలో రక్తం గడ్డకట్టింది. రక్తం తీయడానికి ధమనినీ సిరనీ కలిపి కుట్టేదే ఫిస్టులా, అది మూసుకుపోతే మిషన్ ఉన్నా లాభం లేదు. దాన్ని సరిచేయించడానికి మళ్ళీ విశాఖే, పదకొండు రోజులు. పాత నోటు పుస్తకం బయటికి తీశాను. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైన రోజు మా వీధిలో అందరూ చర్చించుకున్నది ఎవరెవరికి ఎన్ని రైలు టికెట్లు మిగులుతాయనే.

ఇక అవగాహన అంటారా. డయాలసిస్ మీదున్నవాళ్ళు కొబ్బరినీళ్ళు తాగకూడదు, పొటాషియం ఎక్కువ, గుండెకి ప్రమాదం. చిన్నాన్నకి అది మొదటి వారంలోనే చెప్పారు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినా పెరట్లో బోండం కొట్టి మా పిల్లలందరికీ ఇచ్చేవాడు గానీ, పోయేదాకా తను ఒక్క గుక్క ముట్టలేదు.