వంకర తిరిగినదాన్ని స్ట్రెయిట్ అంటారేం?

సందేహం: మా పెద్దోడు కువైట్‌లో పనిచేస్తున్నాడు. అందుకని పేపర్లో 'హోర్ముజ్ జలసంధి' అన్న మాట కనబడితే వదలకుండా చదువుతాను. ఇంగ్లీషులో దాన్ని 'స్ట్రెయిట్ ఆఫ్ హోర్ముజ్' అంటారట. స్ట్రెయిట్ అంటే తిన్నగా ఉండేది కదా! మ్యాపులో చూస్తే కొడవలి మాదిరి వంగి ఉంది. ఇక తెలుగులో సంధి అంటే రాజీ. ఎప్పుడూ తగాదాలుండే చోటికి సంధి అని పేరేంది? ఈ రెండిట్లో ఏది సరైన పేరు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: రెండూ సరైనవే. ముందు ఇంగ్లీషు సంగతి తేల్చుకుందాం.

'తిన్నగా' అనే స్ట్రెయిట్ వేరు, సముద్రానికి వాడే స్ట్రెయిట్ వేరు. పలకడంలో తేడా లేదు, తెలుగులో రాసినా తేడా తెలియదు. ఇంగ్లీషు స్పెల్లింగులో మాత్రం మొదటిదానికి నడుమ జీ, హెచ్ ఉంటాయి, రెండోదానికి ఉండవు. పుట్టుకలు కూడా వేరు. మొదటిది 'స్ట్రెచ్' అనే క్రియకు పాత రూపం. సాగదీసిన తాడు తిన్నగా ఉంటుంది కాబట్టి ఆ అర్థం వచ్చింది. రెండోది లాటిన్‌లోని 'స్ట్రిక్టుస్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. దానికి అర్థం బిగించినది, ఇరుకైనది. బడిలో 'స్ట్రిక్టు' సారు, మనం రోజూ అనే 'డిస్ట్రిక్టు' కూడా ఆ లాటిన్ మాట సంతానమే.

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో మత్తయి సువార్త 'స్ట్రెయిట్' ద్వారంలో ప్రవేశించమంటుంది. తెలుగు బైబిలులో అదే చోట 'ఇరుకు ద్వారమున ప్రవేశించుడి' అని ఉంది. చర్చికి వెళ్లేవారికి ఈ వాక్యం నోటికి వచ్చే ఉంటుంది. ఇప్పటి ఇంగ్లీషులో విశేషణంగా ఈ మాట దాదాపు పోయింది. సముద్రాల పేర్లలోనూ, 'డైర్ స్ట్రెయిట్స్' లాంటి పలుకుబడుల్లోనూ మిగిలింది. డబ్బుకో, పరువుకో ఇక్కట్టు వచ్చినప్పుడు దాన్ని వాడతారు. మనం 'ఇరకాటంలో పడ్డాడు' అంటామే, అచ్చంగా అదే. కష్టాన్ని ఇరుకుతో చెప్పడం రెండు భాషలకూ తోచింది.

ఇక సంధి. ఈ సంస్కృత పదానికి మూలార్థం కలయిక, కూర్పు. రాజుల మధ్య రాజీ దాని అర్థాల్లో ఒకటి మాత్రమే. వ్యాకరణంలో రెండు అచ్చులు కలిస్తే సంధి, ఒంట్లో రెండు ఎముకలు కలిసే కీలు సంధి, పగలూ రాత్రీ కలిసే వేళ సంధ్య. రెండు పెద్ద జలరాశులను కలిపేది జలసంధి. హోర్ముజ్ కలిపేది పర్షియన్ సింధుశాఖనూ ఒమన్ సింధుశాఖనూ. ఇంగ్లీషువాడు దాని వెడల్పు చూసి పేరు పెట్టాడు, మనం అది చేసే పని చూసి పెట్టుకున్నాం.

అయితే మన పేరులో ఇరుకు బొత్తిగా లేదనుకోకండి. సంధి నుంచే తెలుగులో 'సందు' వచ్చింది. రెండు గోడలు దగ్గరికొచ్చిన చోట మిగిలే దారి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల సందుల్లో తిరిగే మీకు దాని ఇరుకు సంగతి చెప్పాలా! హోర్ముజ్ కూడా నీళ్ల సందే. ఉత్తరాన ఇరాన్, దక్షిణాన ఒమన్‌కు చెందిన ముసందమ్ ద్వీపకల్పం. మరీ ఇరుకైన చోట వెడల్పు 39 కిలోమీటర్లు. అందులోనూ ఓడలకు గీసిచ్చిన దారి పోవడానికి రెండు మైళ్లు, రావడానికి రెండు మైళ్లు, నడుమ ఖాళీగా మరో రెండు మైళ్లు. మీవాడు విమానంలో పోయుంటాడు కానీ, కువైట్ నుంచి సముద్రం మీద ఏ సరుకు బయటి దేశాలకు రావాలన్నా ఆ సందులోంచే రావాలి.

'మన గండి అనే మాట వాడకూడదా?' అని ఇంకో మిత్రుడు ఎప్పటినుంచో అడుగుతున్నారు. చక్కటి మాటే. గండికోట దగ్గర పెన్న, వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండలను కోసుకుని పోయే చోట్లకు మన సీమలో అదే పేరు. కానీ చెరువు కట్ట తెగినా గండే. 'హోర్ముజ్ గండి' అంటే ఎక్కడో ఏదో తెగిపోయిందని కంగారుపడతారు. పైగా జలసంధి బడి పుస్తకాల్లో కుదురుకుపోయిన మాట, దాన్ని కదిలించడం నాకిష్టం లేదు. కొందరు రాసే 'హోర్ముజ్ కాలువ' మాత్రం తప్పు. కాలువ మనిషి తవ్వేది. సూయజ్‌ది కాలువ, 1869లో తెరిచారు. హోర్ముజ్‌ను ఎవరూ తవ్వలేదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. హోర్ముజ్ తెలుగువాళ్లకు చమురుతో పరిచయమైన పేరు కాదు. శ్రీనాథుడు హరవిలాసంలో, ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్న అవచి తిప్పయసెట్టి ఏయే దేశాల సరుకులు తెప్పిస్తాడో చెబుతూ 'హురుమంజి బలుతేజి' అంటాడు. హురుమంజి అంటే హోర్ముజే, తేజి అంటే గుర్రం. అప్పట్లో అది పేరున్న రేవు. విజయనగర సేనలకూ ఆ వైపు గుర్రాలే పడమటి తీరంలో దిగేవి.

పత్రికల్లో హార్ముజ్, హర్మూజ్, హోర్ముజ్ అని మూడు తీర్ల రాస్తున్నారు. పారసీక ఉచ్చారణకు దగ్గరిది హోర్ముజ్. హురుమంజి అని రాస్తే నాకు ముచ్చటే కానీ, వార్తల్లో ఎవరికీ అర్థం కాదు.