మోకాలు చేత్తో పట్టి చూసి చెప్తే నమ్మొచ్చా? ఆట దెబ్బల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: సార్ నమస్తే. మా తమ్మునికి 21 ఏండ్లు, కబడ్డీల రైడర్. మొన్న టోర్నమెంట్ల కార్నర్ పిలగాడు కాలు పట్టుకుంటే ఇడిపించుకోవాలని ఒంటికాలు మీద గిర్రున తిరిగిండు, మోకాలు లోపల టప్పుమని సప్పుడొచ్చిందట. గంటసేపట్లనే బాగా ఉబ్బింది. ఎక్స్‌రేల ఎముకకు ఏం కాలేదన్నరు. హన్మకొండల ఇంకో డాక్టర్ మోకాలు పట్టి ఇటు గుంజి అటు నొక్కి ఏసీఎల్ తెగినట్టుంది అన్నడు. స్కాన్ లేకుంట చేత్తో ఎట్ల చెప్తరు? అందాజుగ చెప్పిండా?
– ఒక అన్న, నర్సంపేట

జవాబు: అందాజు కాదు తమ్ముడూ. ఏసీఎల్ అంటే మోకాలు లోపల తొడ ఎముకను కింది కాలు ఎముకతోని కట్టి ఉంచే తాడు లాంటి లిగమెంట్. అసలు నువ్వు రాసిన దాంట్లనే సగం జవాబు ఉంది. ఒంటికాలు మీద తిరగడం, టప్పుమనడం, గంటలోపే ఉబ్బడం, ఈ మూడు కలిసినయంటే మోకాలు లోపల రక్తం చేరిందని, ఏసీఎల్ మీదనే మొదటి అనుమానం పోవాలని ఆటగాళ్ళను చూసే ఏ డాక్టరయినా అంటడు. అదే మెనిస్కస్, అంటే కీలు మధ్యల ఉండే మెత్తటి దిండు లాంటి పొర, అది ఒక్కటే చిరిగితే వాపు మెల్లగ వస్తది, చాలాసార్లు తెల్లారి లేచినంక కనబడ్తది. అందుకే మంచి డాక్టర్ కాలు ముట్టుకునే ముందే ఎట్ల పడ్డవ్, సప్పుడొచ్చిందా, ఎప్పుడు ఉబ్బింది, తర్వాత నడిచినవా అని అడుగుతడు. ఇవి అడగకుండ నేరుగ స్కాన్ రాసినోళ్ళ కన్నా అడిగినోళ్ళను నేను ఎక్కువ నమ్ముత.

ఇగ ఆ గుంజుడు సంగతి. దాని పేరు లాక్‌మన్ టెస్ట్, ఫిలడెల్ఫియాలో జాన్ లాక్‌మన్ అనే డాక్టర్ నేర్పిన పద్ధతి, ఆయన దగ్గర నేర్చుకున్న జోసెఫ్ టోర్గ్ 1976లో గురువు పేరు మీదనే ప్రచురించిండు, అంటే ఎమ్మారై మిషన్లు ఆస్పత్రులకు రాకముందే ఇది ఉంది. మోకాలును 20 నుంచి 30 డిగ్రీలు మాత్రమే వంచి, ఒక చేత్తో తొడ కదలకుండ పట్టుకొని ఇంకో చేత్తో కింది కాలు ఎముకను ముందుకు గుంజుతరు. ఏసీఎల్ బాగుంటే కొంచెం దూరం వచ్చి టక్కున ఆగుతది. తెగితే ఎక్కువ ముందుకొస్తది, పైగా ఆ గట్టిగ ఆగుడు ఉండదు, మెత్తగ జారినట్టు పోతది. ఎంత ముందుకొచ్చిందన్న దాని కన్నా ఎట్ల ఆగిందన్నదే చేతికి ఎక్కువ చెప్తది.

కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులుగ ఉంటయి గనుక మొదలు మంచి కాలును పరీక్ష చేసి, ఆ తర్వాతనే దెబ్బ కాలును ముట్టాలె. మీ తమ్మునికి రెండు కాళ్ళూ చూసిండా అని అడుగు, చూసి ఉంటే ఆ డాక్టర్ మాటకు బరువుంది. ఇంకో పరీక్షల మోకాలు 90 డిగ్రీలు వంచి గుంజుతరు, కొత్త దెబ్బల నొప్పికి తొడ వెనక కండరం బిగుసుకొని ఎముకను వెనక్కి పట్టుకుంటది గనుక అది బాగానే ఉందనిపించొచ్చు. లాక్‌మన్ టెస్ట్ కూడ పిలగాడు భయంతో బిగవట్టుకుంటే మోసం చేస్తది. అసుంటప్పుడు వాపు తగ్గినంక, ఒక వారం పది రోజులకు మళ్ళ చూపించాలె. ఒక్కసారి చూసి బాగుందంటే అయిపోయిందనుకోవద్దు.

ఎక్స్‌రేల లిగమెంట్ కనబడదు, అందుకే నార్మల్ అని వచ్చింది, దాంట్ల ఎవరి తప్పూ లేదు. ఎమ్మారై వద్దని నేను అంటలేను, ఆపరేషన్ ఆలోచన ఉంటే తీయాల్సిందే, పక్కన మెనిస్కస్ ఎంత చిరిగిందో దాంట్లనే తెలుస్తది. కాకపోతే చేత్తో చూసినంకనే స్కాన్, ఏం వెతకాలెనో తెలిసి తీస్తేనే దాంతోని ఫాయిదా. నొప్పి లేని మోకాళ్ళల్ల కూడ స్కాన్‌ల చిన్న చిన్న చిరుగులు కనబడ్తయి, ఆ రిపోర్ట్ కాయితం చూసి అక్కరలేని ఆపరేషన్ దాకా పోవద్దు.

ఒకటి మాత్రం గట్టిగ చెప్పు, మాలిష్ చేయించొద్దు, కాపడం పెట్టొద్దు, గ్రౌండ్ పక్కన నూనె వేసి తోమి, పట్టీ చుట్టి మళ్ళ మ్యాట్ మీదికి తోలే అలవాటు మన దిక్కు ఉంది, దాంతోని ఒక్క లిగమెంట్‌తో పోయేది మెనిస్కస్ కూడ పోతది, ఇది చూస్తుంటే నాకు నిజంగ కడుపు మండుతది. మోకాలు పూర్తిగ చాపలేక ఒక కాడ ఇరుక్కపోతే ఆగొద్దు, వెంటనే చూపియ్యి. ఆపరేషన్ అయితే 9 నెలల లోపు మళ్ళ ఆటలకు దిగొద్దు, దిగితే మళ్ళ తెగే భయం ఎక్కువ.

ప్రశ్న: నేను గవర్నమెంట్ స్కూల్ల పీఈటీని. ఖోఖో ఆడేటప్పుడు పిల్లల కాలు మడత పడుడు మామూలే. ప్రతిసారి ఎక్స్‌రేకు వరంగల్ దాకా పంపాలంటే తల్లిదండ్రులకు కూలి పోతది. ఎట్ల తెలుసుకోవాలె?
– పరకాల

జవాబు: సార్, మీరు అడిగిన దానికి కెనడాలో 1992లనే ఒట్టావా రూల్స్ అని రాసిపెట్టిన్రు. నాలుగడుగులు వేయగలిగిండా లేదా, దెబ్బ తగిలిన వెంటనే ఒకసారి, తర్వాత చూసేటప్పుడు ఒకసారి. కుంటినా సరే, నాలుగు అడుగులు లెక్క. తర్వాత బొటనవేలితోని నొక్కి చూడాలె, ఉబ్బిన కాడ కాదు, ఎముక మీద. చీలమండకు రెండు దిక్కుల ఉబ్బెత్తుగ ఉండే ఎముకల వెనక అంచు, కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా. పాదం బయటి అంచుల చిటికెన వేలు ఎముక మొదట్ల ఒక బుడిపె ఉంటది, అది. లోపలి దిక్కు చీలమండ ముందుండే ఎముక కూడ. ఈ నాలుగు కాడలల్ల ఎక్కడ నొక్కినా కెవ్వుమన్నా, రెండుసార్లూ నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలె. రెండూ లేకుంటే ఎముక విరిగే అవకాశం చాలా తక్కువ, ఐస్ పెట్టి కాలు ఎత్తుమీద పెట్టి ఇంటికి పంపొచ్చు.

కానీ ఎదిగే పిల్లలల్ల లిగమెంట్ కన్నా ఎముక చివర్ల పెరిగే భాగమే బలహీనం, అందుకని మీ దగ్గర ఎముక మీద నొప్పి ఉంటే పెద్దోళ్ళ కన్నా తొందరగ పంపుండ్రి. పాదం వంకరగ కనబడ్డా, వేళ్ళు చల్లబడ్డా, తిమ్మిరెక్కినా ఈ లెక్కలేం చూడొద్దు, నేరుగ వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికే. లిగమెంట్ తెగిందా లేదా అన్నది మొదటి రోజు వాపుల సరిగ తెల్వదు, నాలుగైదు రోజులయినంక చూస్తేనే బాగ తెలుస్తది.

ప్రశ్న: మా బిడ్డ రన్నింగ్ చేస్తది, తొడ పైన గజ్జల దగ్గర నొప్పి అంటది. ఫిజియో మగాయన. చూపియ్యాలంటే బిడ్డ సిగ్గు పడ్తుంది. ఎక్స్‌రే తీస్తె సరిపోదా?
– ఒక అమ్మ, జనగామ

జవాబు: సరిపోదమ్మా, అక్కడ కండరం లాగిందా తుంటి కీలా అన్నది చెయ్యి పెట్టి, కాలు కదిలిచ్చి, అడ్డంగ నెట్టమని చూస్తేనే తెలుస్తది. కానీ బిడ్డ సిగ్గు తప్పు కాదు, దాన్ని తోసేయొద్దు. షార్ట్స్ వేసుకొని రమ్మను, మీరు పక్కనే నిలబడుండ్రి, లేడీ ఫిజియో ఉంటే అడగండి. ఎక్కడ ముట్టుకుంటున్నడో, ఎందుకో ముందే చెప్పి, సరే అన్నంకనే ముట్టాలె. వద్దంటే ఆగాలె. ఈ నొప్పికి పై బట్టలు తీయాల్సిన పని లేదు. జవాబులు కోచ్ కాదు, బిడ్డ నోటితోనే చెప్పాలె.

ప్రశ్న: నాకు 43. షటిల్ ఆడుతుంటే మడమ వెనక ఎవరో కర్రతోని కొట్టినట్టయింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు. పాదం కిందికి వంచుతున్న గనుక నరం బాగనే ఉందని దోస్తులంటున్నరు.
– హన్మకొండ

జవాబు: దోస్తుల మాట ఇనకు అన్నా. అకిలిస్ టెండన్, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడు, అది పూర్తిగ తెగినా వేరే కండరాలతో పాదం కిందికి వంగుతది, ఈ ఒక్క కారణంతోనే చాలామందిల ఇది దొరకకుండ పోతది. బోర్లా పండుకొని పాదాలు మంచం అంచు దాటి వేలాడదీయి, ఇంట్ల ఎవరినయినా పిక్కను పిసకమను. మంచి కాలుకు పిసికినప్పుడల్ల పాదం కదులుతది. దెబ్బ కాలుకు కదలకుంటే తెగినట్టే అనుకో, అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి పో. కదిలినా ఒకసారి చూపియ్యి, సగం తెగి ఉండొచ్చు. రోజులు గడిచేకొద్దీ తెగిన కొసలు దూరం జరుగుతయి, ఇప్పుడయితే కట్టుతోనో బూటుతోనో అతికే అవకాశం ఉంది, అప్పటిదాకా ఆ కాలు మీద బరువు పెట్టకు.