పైపుల జాబితాను యాక్సెస్‌కు లింక్ చేస్తే అంకెలు ఎందుకు చెడతాయి?

ప్రశ్న: మాది పైపుల ఫ్యాబ్రికేషన్ పని. డిజైన్ ఆఫీసు నుంచి వారం వారం ఎక్సెల్‌లో మెటీరియల్ జాబితా వస్తుంది. దాన్ని మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌కు లింక్ చేశాను. షెడ్యూల్ (పైపు గోడ మందాన్ని చెప్పే సంఖ్య) కాలమ్‌లో 40, 80 బాగానే కనిపిస్తున్నాయి. 10ఎస్, 80ఎస్ ఉన్న చోటల్లా ‘#నమ్!’ అని వస్తోంది. ఎక్సెల్‌లో తెరిస్తే మాత్రం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏం చేయాలి?
– స్టోర్స్ ఇన్‌చార్జి, విశాఖపట్నం

జవాబు: ఎక్సెల్ షీటును లింక్ చేసేటప్పుడు యాక్సెస్ పైనున్న కొన్ని వరసలు మాత్రమే, మామూలుగా 8, చూసి ఏ కాలమ్ ఏ రకమో ఊహించుకుంటుంది. మీ జాబితాలో ముందు కార్బన్ స్టీల్ పైపులు వచ్చి ఉంటాయి. వాటి షెడ్యూళ్లన్నీ అంకెలే కాబట్టి ఆ కాలమ్‌ను ‘నంబర్’ అనుకుంది. కిందెక్కడో స్టెయిన్‌లెస్ స్టీల్ పైపుకు 10ఎస్ తగిలేసరికి దాన్ని అంకెగా చదవలేక చేతులెత్తేసింది. గ్రేడ్ కాలమ్‌లో 304, 316 తర్వాత 316ఎల్ వచ్చినా ఇదే తంతు. ఎక్సెల్ లింక్‌లో కాలమ్ రకాన్ని మనం చెప్పే వీలు లేదు.

అందుకే ఆ షీటును సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైల్)గా సేవ్ చేసి దాన్ని లింక్ చేయండి. ‘ఎక్స్‌టర్నల్ డేటా’ ట్యాబ్‌లో ‘న్యూ డేటా సోర్స్’, ‘ఫ్రమ్ ఫైల్’, ‘టెక్స్ట్ ఫైల్’ నొక్కి, లింక్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. విజార్డ్‌లో కింద ఎడమవైపు ‘అడ్వాన్స్‌డ్’ బటన్ ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు, అసలు పని అక్కడే ఉంది. ఐటెమ్ కోడ్, సైజు, షెడ్యూల్, గ్రేడ్, హీట్ నంబర్ (పైపు ఏ కరిగింపు బ్యాచ్ ఉక్కుతో చేసిందో చెప్పేది) అన్నిటికీ ‘షార్ట్ టెక్స్ట్’ ఇవ్వండి. కూడికలు చేసే పొడవు, బరువు, పరిమాణం మాత్రమే నంబర్‌గా ఉండాలి. తేదీ వరుసను ‘డీఎంవై’ చేయండి, లేకుంటే ఏప్రిల్ 5 కాస్తా మే 4 అవుతుంది. చివరగా ‘సేవ్ యాజ్’తో ఈ అమరికను భద్రపరచండి.

తర్వాతి వారం కొత్త జాబితాను కూడా సీఎస్‌వీగా సేవ్ చేసి అదే పేరుతో, అదే ఫోల్డర్‌లో పాతదాని మీద పెడితే చాలు. కాలమ్‌ల వరుస మాత్రం మారకూడదని డిజైన్ ఆఫీసుకు గట్టిగా చెప్పండి.

ఒక జాగ్రత్త. ఆ సీఎస్‌వీని ఎవరూ ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరిచి సేవ్ చేయకూడదు. అరంగుళం పైపు సైజు 1/2 అని ఉంటే ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి 1 చేసేస్తుంది. 47ఇ12 లాంటి హీట్ నంబర్ 4.70ఇ+13 అయిపోతుంది, 00125 అనే కోడ్‌లో ముందు సున్నాలు ఎగిరిపోతాయి. ఒకసారి సేవ్ అయ్యాక ఆ ఫైల్‌లోంచి అసలు విలువ తిరిగి రాదు. మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (పైపు తయారీదారు ఇచ్చే పరీక్షా పత్రం)తో హీట్ నంబర్ కలవకపోతే ఇన్‌స్పెక్షన్‌లో పైపునే పక్కన పెట్టేస్తారు. చూడాల్సి వస్తే నోట్‌ప్యాడ్‌లో చూడండి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో లింక్ చక్కగా పనిచేస్తోంది. పక్క సెక్షన్ వాళ్లు తెరిస్తే పాత్ సరైనది కాదంటోంది.
– ప్లానింగ్ విభాగం ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: లింక్‌లో ఫైల్ ఉన్న పూర్తి దారి (పాత్) రాసి ఉంటుంది. మీరు జెడ్ డ్రైవ్ ద్వారా లింక్ చేసి ఉంటే, వాళ్ల కంప్యూటర్‌లో అదే సర్వర్ ఫోల్డర్‌కు మరో అక్షరం ఉండొచ్చు, అసలు డ్రైవే ఉండకపోవచ్చు. డ్రైవ్ అక్షరం వదిలేసి, రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే సర్వర్ పేరు, షేర్ పేరు ఉన్న దారితో ‘లింక్డ్ టేబుల్ మేనేజర్’లో మళ్లీ లింక్ చేయండి. ఆ ఫోల్డర్ చూసే అనుమతి వాళ్లకు ఉందో లేదో కూడా అడగండి.

ప్రశ్న: లింక్ చేసిన ఎక్సెల్ టేబుల్‌లో వచ్చిన సరుకు పరిమాణం ఎక్కించబోతే తీసుకోవడం లేదు.
– పాఠకుడు, విజయవాడ

జవాబు: తీసుకోదు. యాక్సెస్ నుంచి ఎక్సెల్ లింక్ చదవడానికే. నిజానికి అదే మేలు, వాళ్ల జాబితా వాళ్లదిగా ఉండాలి. మీ డేటాబేస్‌లోనే ఐటెమ్ కోడ్, వచ్చిన పరిమాణం, తేదీ, ర్యాక్ నంబర్‌తో సొంత టేబుల్ పెట్టుకుని, ఐటెమ్ కోడ్ మీద క్వెరీలో రెండూ కలపండి. కోడ్ రెండు చోట్లా టెక్స్ట్‌గానే ఉండాలి, ఒకచోట నంబర్ అయితే జాయిన్ కుదరదు.

ఇలాంటి లింక్ మీద రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ (ఒక టేబుల్‌లోని కోడ్ రెండో టేబుల్‌లోనూ ఉండి తీరాలనే కట్టుబాటు) పెట్టలేరు. డిజైన్ వాళ్లు ఒక కోడ్ తీసేస్తే మీ ఎంట్రీ చడీచప్పుడు లేకుండా తెగిపోతుంది. కొత్త జాబితా వచ్చిన ప్రతిసారీ ‘ఫైండ్ అన్‌మ్యాచ్డ్’ క్వెరీ నడిపి, జత లేని కోడ్‌లను వాళ్లకు పంపండి.